సముద్రంలో శబ్దం వంగుతుంది... అక్కడే కొలువూ ఉంది!

డిసెంబరులో తెల్లవారుజామున నాదర్‌గుల్‌లో ఏ హాస్టల్ మేడ మీదైనా కాసేపు నిలబడి చూడండి. దూరంగా సాగర్ రోడ్డు మీద పోయే లారీ హారన్, ఊరి చివర గుళ్లో మైకు పక్క వీధిలో మోగినంత స్పష్టంగా వినిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో అదే చోట నిలబడితే ఆ హారన్ జాడే ఉండదు. ‘పొద్దున్నే ట్రాఫిక్ ఉండదు కదా, అందుకే’ అనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం ఫిజిక్స్.

చలికాలం రాత్రి నేల చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. చల్లగాలిలో శబ్దం నెమ్మదిగా, వెచ్చని గాలిలో వేగంగా పోతుంది. ఈ తేడా వల్ల పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి మన చెవిన పడుతుంది. మధ్యాహ్నం ఇది తిరగబడుతుంది. నేల కాలిపోతుంటుంది కాబట్టి శబ్దం పైకి వంగి వెళ్లిపోతుంది.

ఇంతేనా అనిపిస్తోందా? సముద్రం లోపల శబ్దం చేసే ప్రయాణం మొత్తానికి ఈ ఒక్క సూత్రమే ఆధారం. జలాంతర్గామి ఎక్కడ దాక్కోవాలి, టార్పెడో లక్ష్యాన్ని ఎలా పట్టుకోవాలి, రేవులో అడుగు లోతును ఎలా కొలవాలి... అన్నీ దీని మీదే నడుస్తాయి. ఈ రంగంలో పనిచేయడానికి సముద్రం ఒడ్డున పుట్టాల్సిన పనిలేదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన హైదరాబాద్‌లోనే దీనికి సంబంధించిన సంస్థలున్నాయి. ఈసీఈ, ఈఈఈ, సీఎస్ఈ, మెకానికల్, బీఎస్సీ ఫిజిక్స్... ఏది చదువుతున్నా ఒకసారి ఇటు చూడండి.

నీటిలో ఎందుకంత వేగం?

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు. ‘ఎందుకు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది ‘నీటికి సాంద్రత ఎక్కువ కాబట్టి’ అంటారు. ఇది తప్పు. సాంద్రత పెరిగితే నిజానికి వేగం తగ్గాలి. గాలి కంటే నీటి సాంద్రత 800 రెట్లకు పైగా ఎక్కువే. కానీ నొక్కితే నొక్కుకుపోకుండా ఎదురుతిరిగే గుణం, అంటే బల్క్ మాడ్యులస్, సుమారు 15 వేల రెట్లు ఎక్కువ. బల్క్ మాడ్యులస్‌ను సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే శబ్దవేగం వస్తుంది. అందుకే నీరు గెలుస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన సూత్రమే ఇది.

సముద్రంలో ఈ వేగాన్ని మార్చేవి మూడు: ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం. లెక్కలకు పనికొచ్చే మోటు సూత్రాలు ఇవి.

* ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేగం సెకనుకు 2 నుంచి 4.5 మీటర్ల వరకు పెరుగుతుంది. చల్లని నీటిలో ఈ పెరుగుదల ఎక్కువ, వెచ్చని నీటిలో తక్కువ.
* కిలో నీటిలో ఉప్పు ఒక గ్రాము పెరిగితే వేగం సుమారు 1 నుంచి 1.3 మీటర్లు పెరుగుతుంది.
* లోతు వెయ్యి మీటర్లు పెరిగితే పీడనం వల్ల వేగం సుమారు 17 మీటర్లు పెరుగుతుంది.

ఇప్పుడు బంగాళాఖాతంలోకి నిట్టనిలువుగా దిగుతున్నామనుకోండి. పైన నీరు 28 డిగ్రీలు ఉంటే శబ్దవేగం సుమారు 1,539 మీటర్లు. 200 మీటర్ల లోతుకు వెళ్లేసరికి నీరు బాగా చల్లబడుతుంది. 15 డిగ్రీలనుకుంటే వేగం 1,510కి పడిపోతుంది. వెయ్యి మీటర్ల దగ్గర 7 డిగ్రీలనుకుంటే 1,495. ఇంకా కిందికి దిగితే చలి పెద్దగా పెరగదు, కానీ పీడనం మాత్రం ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల ఒకచోట వేగం కనిష్ఠానికి చేరి, అక్కడి నుంచి మళ్లీ ఎక్కుతుంది. 3,000 మీటర్ల దగ్గర 2 డిగ్రీల నీటిలో అది సుమారు 1,508. పైన వేడి వల్ల వేగం, అడుగున పీడనం వల్ల వేగం, మధ్యలో నెమ్మది. దీన్ని గ్రాఫ్‌గా గీస్తే వచ్చే వంపునే ‘సౌండ్ స్పీడ్ ప్రొఫైల్’ అంటారు. ఈ రంగంలో ఎవరైనా పని మొదలుపెట్టేది ఈ గ్రాఫ్‌తోనే.

బురదలో పడ్డ బండి చక్రం

వేగం మారితే శబ్దం ఎందుకు వంగాలి? ఎడ్లబండి ఒక చక్రం బురదలో దిగిందనుకోండి. ఆ చక్రం నెమ్మదిస్తుంది, రెండోది గట్టినేల మీద ముందుకు పోతుంది. బండి బురదవైపే తిరుగుతుంది. శబ్దతరంగం కూడా అంతే. ఎటు వేగం తక్కువో అటే వంగుతుంది. కాంతికి చెప్పుకునే స్నెల్ నియమమే ఇక్కడా పనిచేస్తుంది.

దీని ఫలితం ఎంత తీవ్రంగా ఉంటుందో 1930ల్లో అమెరికా నౌకాదళానికి తెలిసొచ్చింది. 1937లో క్యూబా దగ్గర చేసిన సోనార్ పరీక్షల్లో ఓ వింత ఎదురైంది. పొద్దున చక్కగా దొరికిన జలాంతర్గామి మధ్యాహ్నానికి సోనార్‌కు అందకుండా పోయేది. భోజనం చేసిన ఆపరేటర్లు కునుకు తీస్తున్నారేమోనని కూడా అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే, తప్పు ఆపరేటర్లది కాదు, ఎండది. మధ్యాహ్నానికి పైనీరు వేడెక్కి శబ్దం కిందికి వంగిపోయేది. దాంతో కొంత దూరం తర్వాత శబ్దం చేరని ‘నీడ ప్రాంతం’ ఏర్పడేది. జలాంతర్గామి ఆ నీడలో ఉంటే ఎంత మంచి సోనారైనా గుడ్డిదే. దీనికి ‘ఆఫ్టర్‌నూన్ ఎఫెక్ట్’ అనే పేరు నిలిచిపోయింది.

2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసినవారికి సోనార్ గదిలో చెవులు రిక్కించి కూర్చునే సీన్లు గుర్తుండే ఉంటాయి. 1971 డిసెంబరు మొదటివారంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన విశాఖ దగ్గరే. అదే యుద్ధంలో డిసెంబరు 9న మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని డయ్యూ సమీపంలో పాక్ జలాంతర్గామి ముంచేసింది. నీటి కింద ఎవరు ముందు విన్నారన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

మధ్యలో ఓ హైవే

వేగం అత్యల్పంగా ఉన్న పొర దగ్గరకు వద్దాం. అక్కడ పుట్టిన శబ్దం పైకి వెళ్లబోతే వేగం ఎక్కువున్న నీరు తగిలి కిందికి వంగుతుంది. కిందికి వెళ్లబోతే మళ్లీ పైకి వంగుతుంది. అలా పైకీ కిందికీ ఊగుతూ, ఉపరితలాన్నీ అడుగునూ తాకకుండా వేల కిలోమీటర్లు పోతుంది. 1944లో అమెరికాకు చెందిన మారిస్ ఈవింగ్, లామర్ వర్జెల్ దీన్ని ప్రయోగంలో చూపించారు. ఆ తర్వాత కొద్దికాలానికే సోవియట్ శాస్త్రవేత్త లియోనిడ్ బ్రెఖోవ్‌స్కిఖ్ విడిగా కనుక్కున్నారు. దీని పేరు సోఫార్ చానల్.

ఇది ఎంత దూరం పనిచేస్తుందంటే, 1960 మార్చిలో ఆస్ట్రేలియాలోని పెర్త్ తీరం దగ్గర నీటిలో పేల్చిన పేలుడు శబ్దాన్ని అట్లాంటిక్‌లోని బెర్ముడా దగ్గర విన్నారు. దాదాపు 20 వేల కిలోమీటర్లు, భూగోళానికి దాదాపు అవతలి వైపు! ప్రయాణానికి పట్టిన సమయం సుమారు 3 గంటల 40 నిమిషాలు.

ఈ చానల్ అన్నిచోట్లా ఒకే లోతులో ఉండదు. ధ్రువాల దగ్గర పైనీరే చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఉపరితలానికి దగ్గరగా వచ్చేస్తుంది. మన బంగాళాఖాతంలో ఒకటిన్నర కిలోమీటర్లు దాటిన లోతులో ఉంటుంది. పైగా బంగాళాఖాతానిది ఓ ప్రత్యేకత. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ... ఇన్ని నదుల మంచినీరు వచ్చి పైపొరలో పరుచుకుంటుంది. వానాకాలం తర్వాత ఉత్తర భాగంలో పైనీటి ఉప్పదనం బాగా తగ్గుతుంది. చలికాలంలో కొన్నిచోట్ల పైనీరు దాని కిందినీటి కంటే చల్లగా కూడా ఉంటుంది. అంటే నాదర్‌గుల్ తెల్లవారుజామున గాలిలో చూసిన తిరకాసే సముద్రంలోనూ! ఇక్కడ మాత్రం శబ్దం పైకి వంగి, పైపొరలోనే చిక్కుకుంటుంది. వేరే సముద్రం కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి ఇక్కడ పెడితే సరిపోకపోవడానికి కారణం ఇదే. మన సముద్రాన్ని మనవాళ్లే చదవాలి.

ప్రగతినగర్‌కు చేరే సముద్రం చప్పుడు

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. ఆ తర్వాత 2007 అక్టోబరులో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. అది ఎక్కడుందో తెలుసా? హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రానికి పొడి పేరు అది, 1999లో ఏర్పడింది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి కూకట్‌పల్లి వైపు దిగితే అక్కడి నుంచి దగ్గరే.

సునామీ హెచ్చరికలో శబ్దం పాత్ర ఏమిటి? నడిసముద్రంలో అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలుంటాయి. పైన నీటిమట్టం సెంటీమీటర్లలో మారినా అవి పసిగడతాయి. కానీ ఆ కబురు పైకి ఎలా చేరాలి? ఉప్పునీటిలో రేడియో తరంగాలు చచ్చిపోతాయి. వైఫై, 5జీ ఏవీ పనిచేయవు. కిలోమీటర్ల తరబడి కేబుల్ వేలాడదీయడం కష్టం. కాబట్టి ఆ పరికరం శబ్దం చేస్తుంది. అకౌస్టిక్ మోడెమ్ ద్వారా డేటాను శబ్ద సంకేతాలుగా మార్చి పైకి పంపుతుంది. 3 కిలోమీటర్ల లోతు నుంచి అది పైన తేలే బోయ్‌ను చేరడానికి 2 సెకన్లు పడుతుంది. అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా కేంద్రానికి వస్తుంది.

పెద్ద భూకంపం వచ్చిన ప్రతిసారీ పెద్ద సునామీ రాదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా విధ్వంసకర సునామీ రాలేదు. ఊళ్లు ఖాళీ చేయించాలా, హెచ్చరిక ఉపసంహరించుకోవాలా అన్నది తేల్చడానికి సముద్రం నుంచి వచ్చే కొలతలే ఆధారం. ఆ రెండు సెకన్ల శబ్దానికి ఉన్న విలువ అది.

ఇన్‌కాయిస్‌లో మరో పని కూడా జరుగుతుంది. ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమంలో భాగంగా సముద్రాల్లో వేలాది తేలే పరికరాలు తిరుగుతున్నాయి. ఒక్కోటి సుమారు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. మన దేశం తరఫున ఈ డేటా కేంద్రం ఇన్‌కాయిసే. పైన చెప్పిన మూడు అంశాల్లో రెండింటి కొలతలు, లోతుతో సహా ఇందులో ఉంటాయి. అంటే సౌండ్ స్పీడ్ ప్రొఫైల్‌కు కావాల్సిన ముడిసరుకంతా ఉచితంగా దొరుకుతున్నట్టే.

ఎక్కడెక్కడ అవకాశాలు?

రక్షణ రంగం: విశాఖలోని ఎన్ఎస్‌టీఎల్ 1969లో మొదలైన డీఆర్‌డీవో ప్రయోగశాల. వరుణాస్త్ర టార్పెడోకు రూపమిచ్చింది ఇక్కడే. సోనార్ల రూపకల్పనకు కొచ్చిలోని ఎన్‌పీఓఎల్ పెట్టింది పేరు. వరుణాస్త్రను తయారుచేసేది హైదరాబాద్ సంస్థ భారత్ డైనమిక్స్. టార్పెడోల పని విశాఖ యూనిట్‌లో జరిగినా, సంస్థ పుట్టిల్లు కంచన్‌బాగ్. నాదర్‌గుల్ నుంచి బడంగ్‌పేట్, బాలాపూర్ మీదుగా వెళితే వచ్చే కంచన్‌బాగే! సోనార్ల తయారీలో భారత్ ఎలక్ట్రానిక్స్‌ది పెద్ద వాటా.

నౌకాదళం: 2025 జూన్‌లో విశాఖలో ఐఎన్ఎస్ అర్నాలా నౌకాదళంలో చేరింది. తీరానికి దగ్గరి లోతులేని నీటిలో జలాంతర్గాములను వేటాడటానికి కట్టిస్తున్న 16 నౌకల్లో ఇది మొదటిది. లోతులేని నీటిలో శబ్దం పైకీ కిందికీ కొట్టుకుని చిందరవందరవుతుంది కాబట్టి అక్కడ వినడం ఇంకా కష్టం. వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో నౌకాదళ రాడార్ కేంద్రం పేరుతో వార్తల్లోకెక్కిన శంకుస్థాపన నిజానికి వీఎల్ఎఫ్ రేడియో స్టేషన్‌ది. ఇలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో నీటిలోకి కొన్ని మీటర్లు దిగగలదు. అంతకంటే లోతున ఉన్నవారితో మాట్లాడటానికి శబ్దం పనికొస్తుంది.

పరిశోధన: చెన్నైలోని ఎన్ఐఓటీ సముద్ర బోయ్‌లతో పాటు ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000ను రూపొందిస్తోంది. ఆ లోతు నుంచి పైనున్న ఓడతో మాట్లాడాలంటే మాట శబ్దతరంగంగానే రావాలి. ఒకవైపు ప్రయాణానికే సుమారు 4 సెకన్లు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రముంది.

ప్రైవేటు, సర్వే: రేవులు, పైపులైన్లు, డ్రెడ్జింగ్, చమురు అన్వేషణ... అన్నింటికీ ముందు సముద్రపు అడుగు సర్వే చేయాలి. శబ్దం పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కిస్తారు. అసలు వేగం 1,540 అయితే 1,500 అని లెక్కేస్తే వంద మీటర్ల చోట రెండున్నర మీటర్లకు పైగా తేడా వస్తుంది. అందుకే సర్వే బృందాలు ముందుగా ప్రొఫైలర్‌ను నీటిలోకి దింపి వేగం కొలుచుకుంటాయి.

ఏం చదవాలి? ఎలా చేరాలి?

* ఈసీఈ, ఈఈఈ: డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ మీద పట్టు ఉండాలి. ఎఫ్ఎఫ్‌టీ, ఫిల్టర్లు, బీమ్ ఫార్మింగ్ తెలిస్తే సగం దారి దాటినట్టే.
* సీఎస్ఈ: శబ్దాల వర్గీకరణకు మెషిన్ లెర్నింగ్ వాడకం పెరుగుతోంది. తిమింగలమా, ఓడ ప్రొపెల్లరా, వానా అన్నది గుర్తించడం మంచి ప్రాజెక్టు అంశం.
* మెకానికల్: కంపనాలు, ట్రాన్స్‌డ్యూసర్లు, శబ్దం తక్కువ చేసే ప్రొపెల్లర్లు.
* బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రం, కొచ్చి కుశాట్‌లో సముద్ర శాస్త్రాలు, ఎలక్ట్రానిక్స్ పీజీ కోర్సులున్నాయి. ఐఐటీ మద్రాస్‌లో ఓషన్ ఇంజినీరింగ్ ఉంది.

డీఆర్‌డీవో సైంటిస్ట్-బి నియామకాలకు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ ముఖ్యం. ఈ పోస్టు లెవెల్-10లో ఉంటుంది. 7వ వేతన సంఘం ప్రకారం ప్రారంభ మూలవేతనం రూ.56,100. భారత్ డైనమిక్స్, భారత్ ఎలక్ట్రానిక్స్ ట్రైనీ పోస్టులకు వేర్వేరుగా నోటిఫికేషన్లు ఇస్తాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపరుంది. అర్హతలు, వయసు ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌నే ప్రామాణికంగా తీసుకోండి.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఐటీలో మాదిరిగా ఇక్కడ వేల ఖాళీలు ఉండవు. పరిశోధన సంస్థల్లో చాలా పోస్టులు ప్రాజెక్టు పద్ధతిలో, కాంట్రాక్టు మీద ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఆర్నెల్ల కోర్సు చేసి చేరిపోయే రంగమూ కాదు. కాబట్టి దీన్నే నమ్ముకుని మిగతావి వదిలేయమని ఎవరూ చెప్పరు. అయితే ఇక్కడ నేర్చుకున్న సిగ్నల్ ప్రాసెసింగ్, డేటా విశ్లేషణ వృథా పోవు. రాడార్, వైద్య స్కానింగ్, టెలికాం, ఆడియో కంపెనీల్లోనూ అదే గణితం. తలుపు ఒకటి మూసుకున్నా పక్కది తట్టొచ్చు.

ఈ సెమిస్టర్‌లోనే చేయగల ప్రాజెక్టు

నాదర్‌గుల్‌లో 1981 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ పరిసరాల్లో చదువుతున్నవారే కాదు, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉన్న ఏ విద్యార్థయినా ఇది చేయొచ్చు. రూపాయి ఖర్చు లేదు.

1. బంగాళాఖాతంలోని ఒక ఆర్గో పరికరాన్ని ఎంచుకుని, దాని ఏడాది డేటా డౌన్‌లోడ్ చేసుకోండి.
2. మెకంజీ 1981లో ఇచ్చిన సూత్రం వాడి ఒక్కో లోతుకు శబ్దవేగం లెక్కించండి. పైథాన్‌లో కొద్ది లైన్ల పని.
3. మే, సెప్టెంబరు, జనవరి ప్రొఫైళ్లను ఒకే గ్రాఫ్‌లో గీయండి. వేసవి, వానలు, చలి ఏం మార్చాయో రాయండి.
4. అరేబియా సముద్రంలోని మరో పరికరంతో పోల్చండి. ఉప్పదనం తేడా పైపొరలో కనిపిస్తుంది.
5. బెల్‌హాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రొఫైళ్లు వేసి శబ్దకిరణాలు ఎలా వంగుతాయో చూడండి. నీడ ప్రాంతం ఎక్కడ పడిందో గుర్తించండి.

నెట్‌లో కొనుక్కున్న మేజర్ ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నోరు మూతపడుతుంది. ఇది అలా కాదు. ప్రతి గీతా మీరు గీసిందే కాబట్టి ఎంత లోతుకు అడిగినా చెప్పగలరు.

ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్నలు

జలాంతర్గామి కెప్టెన్‌వైతే ఎక్కడ దాక్కుంటావు? పైన నౌక సోనార్ ఉన్నప్పుడు, వేగం త్వరగా పడిపోయే పొర కింద. పైనుంచి వచ్చే శబ్దం అక్కడ వంగి నీడ వదులుతుంది.

మరి నౌక ఏం చేయాలి? సోనార్‌ను కేబుల్‌కు కట్టి ఆ పొర కిందికి దింపాలి. లోతు మార్చుకోగల సోనార్లు పుట్టింది ఇందుకే.

ఎక్కువ ఫ్రీక్వెన్సీ మంచిదా, తక్కువా? ఎక్కువైతే చిన్న వస్తువులు కూడా స్పష్టంగా తెలుస్తాయి, కానీ నీరు త్వరగా పీల్చేస్తుంది. తక్కువైతే చాలా దూరం పోతుంది, వివరం తగ్గుతుంది. అవసరాన్ని బట్టి ఎంపిక.

సోఫార్ చానల్‌లో శబ్దం అంతదూరం ఎలా పోతుంది? గోళంలా అన్నివైపులా కాకుండా ఓ పొరలో పళ్లెంలా పరుచుకుంటుంది. ఉపరితలానికీ అడుగుకూ తగిలి శక్తి పోగొట్టుకోదు.

జవాబులు బట్టీ పడితే లాభం లేదు. గ్రాఫ్ గీసి, ‘శబ్దం నెమ్మదిగా ఉన్న వైపే వంగుతుంది’ అన్న ఒక్క మాట నుంచి అన్నింటినీ రాబట్టడం అలవాటు చేసుకోండి. వచ్చే చలికాలం తెల్లవారుజామున హారన్ స్పష్టంగా వినిపించినప్పుడు అది ఏ దారిన వచ్చిందో కాగితం మీద గీసి చూడండి. అది గీయగలిగితే సముద్రంలో శబ్దం దారి కూడా గీయగలరు.